విస్కాన్సిన్ నది మీద మా బరువైన ప్లాస్టిక్ కెనూ: కొన్నేళ్లు వాడాక

మాది పదిహేడు అడుగుల కెనూ, అంటే తెడ్డుతో నడిపే, పైన కప్పులేని పొడుగాటి పడవ. మూడు పొరల పాలీఇథిలీన్ ప్లాస్టిక్, బరువు నలభై కిలోల దగ్గర. పెద్దమ్మాయి ఒకటో తరగతిలో ఉండగా సెకండ్ హ్యాండ్‌లో కొన్నాం, ఇప్పుడు తను హైస్కూల్‌కి వచ్చింది. ఇన్నేళ్లూ దీన్ని దాదాపు ఒకే నది మీద వాడాం, అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో పారే విస్కాన్సిన్ నది దిగువ భాగంలో. కాబట్టి పడవ గురించి చెప్పాలంటే నది గురించి కూడా చెప్పాల్సిందే. నీళ్లలో ఉన్నంతసేపూ పిల్లలున్న ఇంటికి ఇంతకంటే మంచి పడవ నేను చూడలేదు. ఒడ్డుకు చేరాక మాత్రం నడుం పడిపోతుంది.

ప్రేరీ డు సాక్ దగ్గర డ్యామ్ ఉంది. అది దాటితే మిసిసిపీలో కలిసేదాకా 92 మైళ్ల పొడవునా ఇంకో ఆనకట్ట లేదు. ఈ భాగాన్ని 1989లో రాష్ట్ర ప్రభుత్వం ప్రత్యేకంగా రక్షణలోకి తెచ్చింది. నీళ్లు తగ్గాక నది మధ్యలో ఇసుక తిన్నెలు బయటపడతాయి. ప్రభుత్వ భూమిలో ఉన్న తిన్నెలైతే రిజర్వేషన్ అక్కర్లేదు, ఫీజు లేదు, మూడు రోజులదాకా ఉండొచ్చు. అమెరికాలో ఆర్నెల్ల ముందే క్యాంప్‌సైట్ బుక్ చేసుకుని అలవాటైన మనకి ఇది నమ్మబుద్ధి కాదు. 1673లో మార్క్వెట్, జోలియెట్ అనే ఇద్దరు ఫ్రెంచివాళ్లు బెరడు కెనూల్లో ఈ నది గుండానే మిసిసిపీకి చేరారు. అడుగంతా ఇసుకేననీ, మేటల వల్ల పడవ నడపడం కష్టమనీ మార్క్వెట్ అప్పుడే రాసుకున్నాడు. ఇప్పటికీ అంతే. చూస్తుండగానే పడవ ఇసుకలో కూరుకుంటుంది, అందరూ దిగి తొయ్యాలి.

ఈ పడవ విలువ తెలిసేది అప్పుడే. మా పిల్లలు దాన్ని ఎత్తిపట్టి జరపరు, లాగుతారు. ఇసుక, గులకరాళ్లు, మునిగి ఉన్న చెట్ల కొమ్మలు, అన్నిటి మీదా లాగేశాం. అడుగుభాగం చూస్తే గీతలే గీతలు, కొన్నిచోట్ల ప్లాస్టిక్ పోగులు లేచాయి. చిల్లు మాత్రం పడలేదు. ఎండాకాలంలో కారు మీద బెల్టు గట్టిగా బిగించి కడితే వేడికి అడుగు లోపలికి సొట్ట పోయేది. కట్లు విప్పి ఎండలో బోర్లా పెడితే చాలావరకు దానంతటదే సర్దుకునేది. నిలబడి తెడ్డేసినా ఊగదు. చిన్నోడు చేప కనబడిందని ఒక్కసారిగా పక్కకి వంగినా టెన్షన్ లేదు. తేలికైన సన్న పడవల్లో ఆ నిశ్చింత ఉండదు.

ఇక లోపాలు. భుజాల మీద మోయడానికి మధ్యలో ఉండే అడ్డకర్ర బోల్టుల దగ్గర చీలింది, మార్చాం. సీట్ల పట్టీలు సాగిపోతే కొత్తవి అల్లించాం. ఎదురుగాలి వీస్తే దీని వెడల్పే శత్రువు. వెనక కూర్చున్న మా ఆయన ఎంత తెడ్డేసినా ముక్కు గాలివాటానికి తిరిగిపోతుంది. దానికి మందు బరువైన సామాను కొంచెం ముందుకి సర్దడం, పొద్దున్నే బయల్దేరడం. ఈ నది మీద మధ్యాహ్నం గాలి లేస్తుంది, అందుకే మా పడవ ప్రయాణమంతా ఒంటిగంటలోపే.

బరువు సంగతి దాచను. ఇద్దరం కలిస్తే కారు పైకి ఎక్కిస్తాం, నేనొక్కదాన్నే అయితే కుదరదు. కెవ్లార్ అనే గట్టి, తేలికైన నారతో చేసిన పడవ దీనిలో దాదాపు సగం బరువే ఉంటుంది, ధర మాత్రం రెండు మూడు రెట్లు. ఈ రెంటికీ మధ్యస్తంగా ఉండే రాయలెక్స్ అనే పొరల ప్లాస్టిక్ తయారీ 2014లో ఆగిపోయింది. పాత రాయలెక్స్ పడవ మంచి స్థితిలో దొరికితే ఆలోచించకుండా తీసుకోండి. పడవ మోస్తూ ఒక చెరువు నుంచి ఇంకో చెరువుకి నడిచే బౌండరీ వాటర్స్ లాంటి చోటికి వెళ్లేవాళ్లు నా పడవ కొనొద్దు. విస్కాన్సిన్ మీద మోత ఉండేది దిగే రేవులోనూ ఎక్కే రేవులోనూ మాత్రమే.

రేవంటే మేం ఎక్కువగా వెళ్లేది స్ప్రింగ్ గ్రీన్ నుంచి మస్కోడాకి. సుమారు ఇరవై మైళ్లు, రెండు రాత్రులు. దానికి ఎగువన మేజోమనీ వైపు వేసవి శనివారాల్లో జనం, పాటల హోరు. స్ప్రింగ్ గ్రీన్ దాటాక కొంగలు, గద్దలు, మెత్తటి డిప్ప తాబేళ్లు. వెళ్లేముందు మస్కోడా దగ్గరి నీటిమట్టం కేంద్రం లెక్క ఇంటర్నెట్‌లో చూస్తాం. పదివేల క్యూసెక్కుల లోపు ఉంటే తిన్నెలకి కొదవ లేదు. బాగా మించితే ట్రిప్ మానేస్తాం, టెంట్ వేసుకునే చోటే దొరకదు. ఎగువ డ్యామ్ నుంచి వదిలినా, పైన వాన పడినా రాత్రికి రాత్రే నీళ్లు పెరుగుతాయి. పడుకునే ముందు నీటి అంచున పుల్ల గుచ్చుతాం, పడవని తిన్నె ఎత్తున్న చోటుకి లాగి కడతాం. టెంట్ మేకులు ఇసుకలో నిలవవు. గుడ్డ సంచుల్లో ఇసుక నింపి, తాడు కట్టి పాతిపెడితే గాలివానకీ కదల్లేదు.

ప్రమాదం ఒక్కటే, అది పైకి కనబడదు. నీళ్లు తంగేడు కషాయం రంగులో ఉంటాయి, అడుగు తెలియదు. మోకాలి లోతు నీళ్లలో నడుస్తూ ఉంటే తిన్నె దిగువ అంచున ఒక్కసారిగా మనిషి మునిగే గుంట వస్తుంది. ఇలా ప్రాణాలు పోగొట్టుకున్నవాళ్లున్నారు. మా అత్తయ్యగారిది కోనసీమ. ఒక వేసవి మాతో వచ్చినప్పుడు తిన్నె మీద నాలుగు అడుగులు వేసి, "అమ్మాయ్, ఇక్కడ ఇసుక కాలికింద జారిపోతోంది, పక్కనే గుంట ఉంటుంది, పిల్లల్ని అటు పోనీకు" అన్నారు. తెడ్డు పెట్టి చూస్తే అడుగు అందలేదు. నీళ్లలో కాలు పెట్టేవాళ్లెవరైనా సరే, ఈతొచ్చినా సరే, లైఫ్ జాకెట్ తియ్యకూడదని అప్పటి నుంచి మా రూల్. అది ఆవిడకీ వర్తిస్తుందంటే మాత్రం మొహం చిట్లించారు. "గోదావరిలో పెరిగినదాన్ని నేను" అంటూనే వేసుకున్నారు.

వంట సంగతికొస్తే, నదిలోకి గాజు సామాను తీసుకెళ్లడం నిషేధం. పట్టుకుంటే జరిమానా. కాబట్టి ఆవకాయని ప్లాస్టిక్ డబ్బాలోకి మార్చుకుని, మూత మీద టేపు చుట్టుకోవాలి. మొదటిరోజుకి పులిహోర, రెండో రోజుకి చిన్న కుక్కర్‌లో పప్పన్నం. నీలం రంగు ప్లాస్టిక్ పీపా ఒకటి కొనండి, రబ్బరు వాచర్ ఉన్న మూతది. లోపలిది తడవదు, రాత్రిళ్లు తిండి కోసం తిరిగే రకూన్ అనే జంతువులు తెరవలేవు, కూర్చోడానికి స్టూలు కూడా అదే. చెత్త వేసుకోడానికి మూతున్న, నీళ్లు చొరబడని డబ్బా మనమే తీసుకెళ్లాలి, అదీ రూలే. టాయిలెట్లు లేవు. డబుల్ జిప్ సంచులున్న మడత టాయిలెట్ ఒకటి తీసుకెళ్తాం. అదేం గొప్పగా ఉండదు కానీ, పిల్లలు ఆడుకునే ఇసుకలో తవ్వి పూడ్చడం నాకిష్టం లేదు.

జూన్‌లో దోమలు తినేస్తాయి. తిన్నె మధ్యలో గాలికి కాస్త నయం, ఒడ్డున చెట్ల దగ్గర సాయంత్రం నిలబడలేం. ఆగస్టు చివర్లో, సెప్టెంబరు మొదట్లో వెళ్తే దోమలు తక్కువ, నీళ్లు తక్కువ, తిన్నెలు ఎక్కువ.

కొత్తవాళ్లు ముందే పడవ కొనక్కర్లేదు. ఆ ఊళ్లలో అద్దె షాపులు చాలానే ఉన్నాయి, పడవ ఇచ్చి ఎగువ రేవు దాకా దింపుతారు కూడా. వాళ్లిచ్చేవి దాదాపు ఇదే రకం పడవలు. కొన్నాక కూడా మేం మా కారు దిగువ రేవులో పెట్టుకుని, ఎగువకి వాళ్ల వ్యాన్‌లోనే వెళ్తాం.