అనంతపురం ఐవీఎఫ్ సెంటర్: డాక్టరమ్మకు నాలుగు స్టార్లు, ఏఐ స్కోరుకు ఒకటి

సెంటర్ పేరు రాయట్లేదు, మా పిండాలు రెండు ఇంకా వాళ్ల దగ్గరే ఫ్రీజింగ్‌లో ఉన్నాయి మరి.

మాది ధర్మవరం. స్కానింగులకు మాటిమాటికీ తిరగాలి, మగ్గం ఆపి మా ఆయన బెంగళూరు దాకా రాలేడు, అందుకే అనంతపురంలోనే చేయించుకున్నాం. డాక్టరమ్మ మంచిది, తొందరపెట్టదు. అండాలు తీసే ముందు వేసే ట్రిగ్గర్ ఇంజెక్షన్ సరిగ్గా రాత్రి పదిన్నరకే పడాలని సిస్టర్ పదింపావుకు ఫోన్ చేసి మరీ గుర్తు చేసింది, అది మర్చిపోలేను. పార్కింగ్ మాత్రం దేవుడికే తెలియాలి.

పేచీ అంతా పిండాలకు మార్కులేసే ఏఐ దగ్గరే. ఐదో రోజు మూడు బ్లాస్టోసిస్టులు, అంటే ఐదు రోజులు పెరిగిన పిండాలు, వచ్చాయని చెప్పి, కౌన్సెలర్ మమ్మల్ని కూర్చోబెట్టి టీవీలో వీడియో వేసింది. ఇంక్యుబేటర్‌లోంచి బయటికి తీయకుండానే లోపలి కెమెరా కొన్ని నిమిషాలకొక ఫోటో తీస్తుందంట, అవన్నీ కలిపితే వీడియో. సబ్బు నురగలో బుడగలాంటిది రెండయింది, నాలుగయింది, చివర్లో ఉబ్బి, ఒకసారి ముడుచుకుని, మళ్లీ ఉబ్బింది. నాకు కళ్లనీళ్లు ఆగలేదు. పక్కనే పచ్చరంగులో 8.6 అని నంబరు. "ఏఐ ఇచ్చిన స్కోరు మేడం, ఇదే టాప్" అంది. ఆ మైకంలో సంతకం పెట్టిన కాగితంలో ఏఐ సెలక్షన్ పేరుతో పద్దెనిమిది వేలు ఉంది. ప్యాకేజీ మాట్లాడినప్పుడు ఆ ఊసే లేదు!

ఇంటికొస్తే మా అత్త, "కంప్యూటరు ఆడనో మగనో ఏమన్నా జెప్పిందా?" అంది. అది చెప్పడం నేరమని అక్కడ గోడకు బోర్డే ఉందత్తా అన్నా. "మరి పద్దెనిమిది వేలు ఏంటికి? ఎన్ని చీరల కూలి అది!"

ఆ 8.6 పిండాన్నే నాకు పెట్టారు. రెండు వారాలకు బీటా హెచ్‌సీజీ, అంటే గర్భం వచ్చిందో లేదో చూసే రక్తపరీక్ష, నెగెటివ్.

తర్వాత ల్యాబ్‌లో పిండాలను చూసుకునే ఎంబ్రియాలజిస్టును పట్టుకుని అడిగా. ఆయన దాచలేదు. ఉన్న మూడింట్లో ఏది ముందు పెట్టాలో స్కోరు వరస చెప్తుందే గానీ పిండాన్ని బాగు చేయదు, మైక్రోస్కోపులో చూసి తానైనా ముందు దాన్నే తీసేవాణ్ణని అన్నాడు. మరి డబ్బులెందుకంటే నవ్వి ఊరుకున్నాడు.

అప్పుడు కూర్చుని వెతికా. పిండాలకు ఇలాగే స్కోరిచ్చే ఐడాస్కోర్ అనే సాఫ్ట్‌వేర్ మీద చేసిన ట్రయల్ 2024లో నేచర్ మెడిసిన్ అనే వైద్య పత్రికలో వచ్చింది, ఆస్ట్రేలియా, యూరప్‌లలో 14 సెంటర్లు, 1,066 మంది. ఏఐ ఎంచినవాళ్లలో గర్భం నిలిచింది 46.5 శాతం, మనుషులు ఎంచినవాళ్లలో 48.2. మనిషికి తీసిపోదని కూడా ఆ ట్రయల్‌లో తేలలేదు. చూసే పని మాత్రం దాదాపు పదింతలు త్వరగా అయిందంట. టైం మిగిలేది వాళ్లకు, బిల్లు మాకు! మా సెంటర్‌లో వాడేది ఆ సాఫ్ట్‌వేరేనా అంటే రిసెప్షన్‌లో ఎవరూ చెప్పలేదు.

ఎక్కడికి వెళ్లినా ముందు ఐవీఎఫ్ సెంటర్ల కోసం వచ్చిన 2021 ఏఆర్‌టీ చట్టం కింద రిజిస్ట్రేషన్ ఉందో లేదో చూడండి, ప్యాకేజీలో ఏమేం కలిశాయో కాగితం మీద రాయించుకోండి, ఏఐ ఛార్జీ విడిగా ఉంటే దానివల్ల ఎంత లాభమో లెక్కలు చూపించమనండి, గ్రాఫులు కాదు.

శ్రావణం వెళ్లాక రెండో ట్రాన్స్‌ఫర్ అక్కడే, అదే డాక్టరమ్మ దగ్గర. ఈసారి దాని స్కోరు 7.1 అంట. కాగితం చదివాకే సంతకం, వీడియో ఆ తర్వాత.