వరంగల్, రామప్ప, తాళం తీయని ఒక గది

మార్చి చివరి వారంలో అమ్మను, చిన్నాయనను తీసుకుని కరీంనగర్ నుంచి కారులో వెళ్ళాం. రెండు రోజులు వరంగల్, ములుగు వైపు తిరిగొచ్చాం. అమ్మకు మోకాళ్ళ నొప్పులు. చిన్నాయన ట్రెజరీలో పనిచేసి రిటైరయ్యారు.

హన్మకొండలో ఒక మామూలు లాడ్జిలో దిగాం. రాత్రికి 1,800. అమ్మ నడక చూసి, అడగకముందే కింది అంతస్తులో గది ఇచ్చారు. దుప్పట్లు శుభ్రంగా ఉన్నాయి, పొద్దున ఐదింటికే వేడినీళ్ళు వచ్చాయి. అంతకంటే ఏం కావాలి?

వేయిస్తంభాల గుడి 1163లో రుద్రదేవుడు కట్టించినది. కల్యాణ మండపాన్ని 2006లో విప్పారు, మళ్ళీ నిలబెట్టి తెరిచింది 2024 మార్చిలో. స్కూల్ టూరుకు వచ్చినప్పుడు నేను చూసింది రాళ్ళ గుట్టలే. ఇప్పుడు అదే మండపంలో అమ్మ గంటసేపు కూర్చుంది. పాత రాయేదో కొత్త రాయేదో రంగును బట్టి తెలుస్తుంది, అయినా కంటికి ఇబ్బందిగా లేదు. ఇంత బాగా చేయగలిగినవాళ్ళు మనకున్నారు కదా అని గుండె నిండింది. కోటకు మాత్రం పొద్దున్నే వెళ్ళండి, పదకొండు దాటితే తోరణాల దగ్గర నీడ దొరకదు.

రామప్పకు ఒక పూట పూర్తిగా ఇవ్వాలి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. గైడు ఒక చీపురుపుల్ల తీసి స్తంభం మీది చెక్కడంలో ఇటునుంచి దూర్చి అటునుంచి లాగాడు. అమ్మ ఆ పుల్ల తీసుకుని తానూ ఒకసారి దూర్చి చూసింది. ఇక్కడ వసతుల కోసం, పుణ్యక్షేత్రాల అభివృద్ధికి కేంద్రం పెట్టిన ప్రసాద్ పథకం కింద దాదాపు 62 కోట్ల పనులకు 2022 డిసెంబరులో రాష్ట్రపతి శంకుస్థాపన చేశారు. ఆ మాట వస్తే చిన్నాయన, "మంజూరైనయంటే ముట్టినయని కాదు బిడ్డా, ముట్టినయంటే ఖర్చయినయని కాదు" అన్నారు.

ఆయన మాట తిరుగు ప్రయాణంలో అర్థమైంది. దారిలో ఒక ఊళ్ళో పాత శివాలయం ఉందంటే ఆగాం. ఊరి పేరు రాయను. గోడ రాళ్ళ సందుల్లో రావి మొక్క వేళ్ళూనింది. ఆ సందులో నా చిటికెన వేలు పూర్తిగా దూరింది. పక్కనే యాత్రికుల కోసం కట్టిన మరుగుదొడ్లు, తలుపుకు తుప్పు పట్టిన తాళం. కిటికీలోంచి చూస్తే వాష్‌బేసిన్‌కు చుట్టిన ప్లాస్టిక్ కవరు ఇంకా అట్లనే ఉంది. పైపు గోడ బయటి వరకూ వచ్చి ఆగింది, నీళ్ళ కనెక్షన్ లేదు. ఎదురింటి ఆవిడ అమ్మ ఇబ్బంది కనిపెట్టి, "మా ఇంట్లకు రా పెద్దమ్మా" అని చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళింది. మూడేళ్ళుగా వచ్చినవాళ్ళందరికీ ఆ ఇల్లే దిక్కట.

నేను పైసలు లేక ఆపేశారేమో అనుకున్నా. చిన్నాయన ఒప్పుకోలేదు. బడ్జెట్‌లో అంకె రాస్తారు, పరిపాలనా అనుమతి రావాలి, తర్వాత రిలీజ్, టెండరు, బిల్లు. ఎక్కడ ఆగినా మార్చి 31 రాత్రికి ఆ మిగులు ల్యాప్స్, అంటే వెనక్కి పోయినట్టే. కేంద్ర పథకమైతే మొదటి విడత ఖర్చయినట్టు వినియోగ పత్రం పంపకపోతే రెండో విడత రాదు. మరుసటి ఏడు అడిగితే, పోయినేడు ఇచ్చినవే వాడలేదు కదా అని కోస్తారు. పాత గుడి పనికైతే ఇంకో చిక్కు. సున్నం, రాయి తెలిసిన పనివాళ్ళు కావాలి, సిమెంటు కాంట్రాక్టరు పనికిరాడు. పంచాయతీ చేయవచ్చు కదా అంటారా, సర్పంచుల గడువు 2024 ఫిబ్రవరిలో ముగిసింది, ఎన్నికలు జరిగింది 2025 డిసెంబరులో. ఎన్నికైన పాలకవర్గం లేని పంచాయతీకి కేంద్రం ఇచ్చే 15వ ఆర్థిక సంఘం పైసలు రాలేదు.

పైసలు లేకపోతే బాధపడి ఊరుకుంటాం. మన పేరున పక్కన పెట్టిన పైసలు ఖర్చు కాకుండా వెనక్కి పోతుంటే ఎట్లా ఊరుకుంటాం? ఆ రావి వేరు మార్చి 31 కోసం ఆగదు.

వెళ్ళేవాళ్ళకు నా మాట: రామప్ప, వేయిస్తంభాల గుడి తప్పకుండా చూడండి. పెద్దవాళ్ళుంటే మేజోళ్ళు తీసుకెళ్ళండి, మధ్యాహ్నం బండలు కాలుతాయి. చిన్న ఊళ్ళలో ఆగాలనుకుంటే ముందే హోటల్లో అవసరాలు తీర్చుకుని బయల్దేరండి.

ఇంటికొచ్చాక చిన్నాయన, నేను కలిసి సమాచార హక్కు దరఖాస్తు రాశాం. ఆ మరుగుదొడ్లకు ఎంత మంజూరైంది, ఎంత విడుదలైంది, ఎంత ఖర్చయింది, నీళ్ళ కనెక్షన్ ఎవరు ఇవ్వాలి. పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటించి సోమవారం పోస్టులో వేశాం. ముప్పై రోజుల్లో జవాబు రావాలి.