నేలపట్టు పక్షులా, నల్లమల సఫారీయా?

నెల్లూరు నుంచి వారాంతంలో ఎటు వెళ్లాలి? నేలపట్టు పక్షుల అభయారణ్యానికా, నల్లమల అడవికా?

ఖర్చు: దొరవారిసత్రం స్టేషన్‌లో దిగితే నేలపట్టు దగ్గరే, పెద్దగా ఖర్చుండదు. నల్లమలకు కారు, సఫారీ జీపు, ఒక రాత్రి బస కలుస్తాయి.

శ్రమ: నేలపట్టులో కాస్త నడక, పక్షుల్ని చూసే టవర్ మెట్లు, అంతే. నల్లమలలో దోర్నాల, తుమ్మలబైలు వైపు సఫారీకి తెల్లవారకముందే లేవాలి. దోర్నాల-శ్రీశైలం దారిని రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు మూసేస్తారు, టైం చూసుకోండి.

ఏం కనిపిస్తుంది: ఇక్కడే అసలు తేడా. నల్లమలలో పులి కనిపిస్తుందని ఎవరూ మాట ఇవ్వలేరు. జింకలు, నెమళ్లు, ఆ అడవి నిశ్శబ్దం చాలనుకుంటేనే వెళ్లండి. నేలపట్టులో అక్టోబర్ నుంచి మార్చి దాకా గూడబాతులు (పెలికాన్లు) నీళ్లలో నిలిచిన కడప అనే చెట్ల మీదే గూళ్లు కడతాయి. తల్లి నోరు తెరవగానే పిల్ల ఆ ముక్కు కింది సంచిలోకి తలంతా దూర్చి చేపలు తింటుంది. మా పాప గంటసేపు బైనాక్యులర్స్ దించలేదు. రెట్టలు కలిసిన చెరువు నీళ్లు పొలానికి ఎరువని అక్కడి రైతులు ఆ పక్షుల్ని కాపాడుకుంటారు. నాకు అన్నిటికన్నా నచ్చింది అదే.

రిస్క్: చెరువు నిండని ఏడాది నేలపట్టు వెలవెలబోతుంది. వర్షాకాలంలో సఫారీ ఉండదు.

పిల్లలు, పెద్దవాళ్లతో, శీతాకాలంలో అయితే నేలపట్టు. రెండు రోజులు, ఓపిక, నలుగురు స్నేహితులు ఉంటే నల్లమల.