నీల్ దీవిలో అద్దె సైకిల్: కొన్నేళ్లుగా వాడుతున్న మనిషి అభిప్రాయం

ఉద్యోగరీత్యా అండమాన్‌లోని పోర్ట్ బ్లెయిర్‌లో ఉంటున్నందువల్ల, సెలవు దొరికినప్పుడల్లా పడవెక్కి నీల్ దీవికి వెళ్లడం నాకు కొన్నేళ్లుగా అలవాటు. వెళ్లిన ప్రతిసారీ అక్కడి దుకాణాల్లో సైకిల్ అద్దెకు తీసుకుని తిరిగాను. మండుటెండల్లో తిరిగాను, వానలు వెలిసీ వెలియని రోజుల్లో తిరిగాను, పర్యాటకులతో దీవి కిక్కిరిసిపోయే డిసెంబరు చివరి వారంలోనూ తిరిగాను. విశాఖపట్నం నుంచో హైదరాబాదు నుంచో వచ్చే బంధుమిత్రులు అక్కడ స్కూటర్ తీసుకోవాలా, ఆటో మాట్లాడుకోవాలా అని అడుగుతూ ఉంటారు. కనీసం ఒక రాత్రి దీవిలో నిద్ర చేసేట్టయితే సైకిలే తీసుకోమని చెబుతాను. అయితే ఆ దుకాణాల్లో దొరికే సైకిళ్లన్నీ ఒక తీరున ఉండవు కాబట్టి, ఏది తీసుకోవాలో, తీసుకునే ముందు ఏం చూసుకోవాలో వివరంగా రాయడం అవసరమనిపించింది.

ముందుగా పేర్ల సంగతి. 2018 డిసెంబరులో నీల్ దీవికి షహీద్ ద్వీప్ అని, హేవ్‌లాక్ దీవికి స్వరాజ్ ద్వీప్ అని పేర్లు మార్చారు. 2024లో పోర్ట్ బ్లెయిర్ శ్రీ విజయపురం అయింది. జనం నోట మాత్రం పాత పేర్లే ఎక్కువగా వినిపిస్తాయి కాబట్టి నేనూ వాటినే వాడుతున్నాను. పోర్ట్ బ్లెయిర్ నుంచి ప్రభుత్వ పడవలో సుమారు రెండు గంటలు, కటమరాన్ అనే వేగమైన ప్రైవేటు పడవలో అంతకన్నా తక్కువ సమయంలో నీల్ చేరుకోవచ్చు. దీవి విస్తీర్ణం 14 చదరపు కిలోమీటర్ల లోపే. నేల చాలా వరకు చదునుగా ఉంటుంది. 1960ల చివర్లో తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన శరణార్థి కుటుంబాలకు ప్రభుత్వం ఇక్కడ భూములిచ్చి స్థిరపరిచింది. భరత్‌పూర్, లక్ష్మణ్‌పూర్, రామ్‌నగర్, సీతాపూర్ అని చాలా ఊళ్లకు రామాయణం పేర్లే. వాళ్లు పండించే కూరగాయలే పోర్ట్ బ్లెయిర్‌లో మా ఇంటి వంటకూ వస్తాయి. జెట్టీ నుంచి బజారు ఉన్న నీల్ కేంద్రకు నడిచి వెళ్లవచ్చు. పడమటి వైపు లక్ష్మణ్‌పూర్ రెండు కిలోమీటర్లు, తూర్పు కొసన సీతాపూర్ దాదాపు ఐదు కిలోమీటర్లు ఉంటాయి. ఈ కొలతలు చూస్తేనే ఇది సైకిల్‌కు సరిపడే దీవి అని తెలుస్తుంది.

దూరాలు తక్కువ కావడం కన్నా నాకు ముఖ్యమైన కారణం మరొకటి ఉంది. నీల్‌లో చూడదగినవన్నీ సముద్రం దయ మీద ఆధారపడ్డవి. లక్ష్మణ్‌పూర్ రెండో బీచ్‌లో ఉన్న సహజ శిలా తోరణం దగ్గరకు ఆటు సమయంలోనే, అంటే నీరు వెనక్కి తగ్గినప్పుడే నడిచి వెళ్లగలం. రాళ్ల మధ్య గుంటల్లో నిలిచిన నీటిలో చిన్న చేపలు, సముద్ర దోసకాయలనే జీవులు, పగడాలు అప్పుడే కనబడతాయి. ఆటుపోట్ల వేళ రోజుకు దాదాపు 50 నిమిషాల చొప్పున ఆలస్యమవుతుంది. పౌర్ణమి, అమావాస్యల రోజుల్లో నీరు మరింత దూరం తగ్గుతుంది. ఆటోవాళ్లు మాట్లాడుకునే మూడు బీచ్‌ల చుట్టు మాత్రం పడవల రాకపోకల వేళలను బట్టి నడుస్తుంది. మధ్యాహ్నం పోటు మీద ఉన్న నీటిని చూపించి, తోరణం దూరం నుంచే చూడండి అని వెనక్కి తిప్పేస్తారు. అందులో వాళ్ల తప్పు లేదు, వాళ్ల బతుకుతెరువు అది. సైకిల్ చేతిలో ఉన్నవాడు మాత్రం బస దగ్గర ఆటు వేళ కనుక్కుని, ఆ వేళకు పది నిమిషాల్లో లక్ష్మణ్‌పూర్ చేరుకుంటాడు. నీరు ఇంకా తగ్గలేదంటే దారిలో ఒక కొబ్బరిబొండం తాగి మళ్లీ వెళతాడు.

సైకిళ్లు జెట్టీ దగ్గర, నీల్ కేంద్ర బజారులో, కొన్ని బసల్లో కూడా దొరుకుతాయి. రోజుకు 100 నుంచి 200 రూపాయల మధ్య నేను ఇస్తూ వచ్చాను. రద్దీ రోజుల్లో పై అంకె, వానాకాలంలో కింది అంకె. స్కూటర్‌కు దాదాపు మూడింతలవుతుంది. పేరు, ఫోన్ నంబరు నోటు పుస్తకంలో రాసుకుంటారు, ఒక్కో చోట గుర్తింపు కార్డు నకలు అడుగుతారు. మన ఊళ్లలో ఒకప్పుడు గంటకింత అని సైకిళ్లు అద్దెకిచ్చే దుకాణాలు గుర్తున్నవారికి ఈ పద్ధతి కొత్తగా అనిపించదు. డబ్బు నోట్ల రూపంలో దగ్గర ఉంచుకోవడం మంచిది.

దుకాణం ముందు రెండు రకాల సైకిళ్లు వరుసగా నిలబెట్టి ఉంటాయి. ఒకటి లావు టైర్లు, గేర్లు ఉన్న రంగురంగుల సైకిల్. రెండోది గేర్లు లేని మామూలు సైకిల్, ముందు బుట్ట ఉన్న లేడీస్ సైకిల్ కూడా ఈ కోవలోదే. కుర్రవాళ్ల చూపు మొదటిదాని మీదికే వెళుతుంది. నా అనుభవంలో రెండోదే నయం. ఉప్పుగాలి ఇనుమును వదలదు. గేర్లు మార్చే తీగ దాని గొట్టంలోనే తుప్పుపట్టి బిగుసుకుపోతుంది, వెనుక చక్రం దగ్గర చైన్‌ను పక్కకు జరిపే మీట వంగి ఉంటుంది, చివరికి చైన్ ఏదో ఒక పళ్లచక్రం మీద ఇరుక్కుని అక్కడే ఉండిపోతుంది. అది పెద్ద చక్రమైతే ఎంత తొక్కినా బండి ముందుకు సాగదు, చిన్నదైతే మోకాళ్లు పట్టేస్తాయి. చదును నేల మీద గేర్లతో అసలు పనే లేదు. గేర్లు లేని సైకిల్‌లో పాడయ్యే భాగాలే తక్కువ.

తీసుకునే ముందు నేను చూసుకునే వరుస ఇది. సీటు పట్టుకుని వెనుక చక్రాన్ని నేల నుంచి లేపి, పెడల్‌ను చేత్తో తిప్పుతాను. చైన్ ప్రతి చుట్టుకూ ఒకే చోట కట్‌మని ఎగిరితే అక్కడి లంకె తుప్పుతో బిగిసిందని అర్థం. ఆ సైకిల్ వద్దంటాను. మొత్తం చైన్ ఎండిపోయి కిర్రుమంటుంటే ఒక నూనె చుక్కతో సరిపోతుంది కాబట్టి భయం లేదు. నా సంచిలో కుట్టుమిషన్ నూనె సీసా ఎప్పుడూ ఉంటుంది. తర్వాత బ్రేకులు. మీట నొక్కితే సరిపోదు, వదిలినప్పుడు రబ్బర్లు రిమ్మును వదిలి వెనక్కి రావాలి. రాకపోతే రోజంతా బ్రేకు వేసుకుని తొక్కినట్టే. ఆపైన సీటు. ఇక్కడి సైకిళ్లలో సీటు కింది గొట్టం తుప్పుతో అతుక్కుపోయి ఉండటం చాలా సాధారణం. పెడల్ అట్టడుగున ఉండగా మడమ దానికి ఆని కాలు తిన్నగా సాగితే ఎత్తు సరిపోయినట్టు. నాలాంటి పొడుగువాళ్లు ఈ ఒక్క విషయంలో మొహమాటపడకుండా, సీటు పైకి లేచే సైకిలే ఇమ్మని అడగాలి. చివరగా గాలి. టైరు నొక్కి చూసి ఊరుకోకుండా, వాల్వు మూతి మీద కాస్త ఉమ్మితడి రాసి చూస్తాను. బుడగ లేస్తే వాల్వు లోపలి చిన్న రబ్బరు గొట్టం, అంటే వాల్ ట్యూబు పాతబడిందని అర్థం; అలాంటి బండిని సాయంత్రం నిలబెడితే తెల్లారేసరికి చక్రం నేలకు అంటుకుపోయి ఉంటుంది. వాల్ ట్యూబు మార్చడం దుకాణంవాళ్లకు రెండు నిమిషాల పని, అడిగితే నవ్వుతూ మార్చి ఇస్తారు.

ఇంతా చూసుకున్నా ఒకసారి సీతాపూర్ నుంచి తిరిగివస్తుంటే ఎడమ పెడల్ ఊడి చేతికి వచ్చింది. ఎడమ పెడల్ మర మామూలు మరకు వ్యతిరేక దిశలో బిగుస్తుంది. అది తెలియని వాళ్లెవరో అంతకుముందు బలవంతంగా బిగించినట్టున్నారు, పెడల్ బిగించే ఇనుప కడ్డీ, అంటే క్రాంకులో మర చుట్లు అరిగిపోయి ఉన్నాయి. దారిపక్క వక్కతోటలో పనిచేస్తున్న ఒక బెంగాలీ పెద్దాయనను దాదా అని పిలిచి అడిగితే, కొబ్బరిపీచు నాలుగు పోగులు మర చుట్టూ చుట్టి, పానాతో ఎదురు దిశలో బిగించి ఇచ్చారు. బజారు వరకూ అది కదలలేదు. దుకాణంలో మాత్రం, మర నేనే పాడుచేశానంటూ కొత్త క్రాంకు ఖరీదు ఇమ్మన్నారు. బండి తీసుకునేటప్పుడు అన్ని వైపుల నుంచి ఫొటోలు తీసి ఉండటంవల్ల, పెడల్ వంకరగా నిలిచిన సంగతి అందులో స్పష్టంగా కనబడింది, గొడవ అక్కడితో తీరింది. ఫొటోలు తీయడం దుకాణదారును అనుమానించినట్టు కాదు. ఇద్దరికీ మేలు చేసే పని అది. పిల్లల చేతికి బండి ఇచ్చేటప్పుడు మరీ తప్పనిసరి.

తొక్కే వేళల విషయంలో ఈ దీవుల ప్రత్యేకతను గుర్తుపెట్టుకోవాలి. దేశమంతటికీ గడియారం ఒక్కటే, కానీ ఇవి తూర్పున చాలా దూరంగా ఉన్నాయి. డిసెంబరులో సాయంత్రం ఐదు దాటేసరికి సూర్యుడు దిగిపోతాడు. వేసవిలో ఉదయం ఐదు గంటలకే వెలుగు పరుచుకుంటుంది. సీతాపూర్ సూర్యోదయానికి వెళ్లాలంటే ఇంకా చీకటి ఉండగానే బయలుదేరాలి. అద్దె సైకిల్‌కు దీపం ఉండదు, దారిలో కొన్ని చోట్ల వీధి దీపాలూ ఉండవు. నుదుటికి కట్టుకునే టార్చి తెచ్చుకోండి. వెనుక క్యారియర్‌కు వెలుగు పడితే మెరిసే పట్టీ ఒకటి చుట్టండి. ఆ వేళ దారి పొడుగునా ఎడమా కుడీ వరిమళ్లు, అరటితోటలు, మధ్యలో ఇళ్ల ముంగిళ్లలో ఊడుస్తున్న చీపురు చప్పుడు. ఒక్క వాహనం ఎదురుకాదు. స్కూటర్ మీద వెళితే ఈ దారి ఎలా గడిచిందో కూడా తెలియదు. తిరుగు ప్రయాణంలో, ఎనిమిది దాటకముందే ఎండ చురుక్కుమంటుంది కాబట్టి నీళ్లు, టోపీ దగ్గర ఉండాలి. మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు వరకు సైకిల్ ముట్టుకోవద్దని మా ఇంటికి వచ్చేవాళ్లందరికీ ఖచ్చితంగా చెబుతాను.

బీచ్‌లోకి సైకిల్ దించవద్దు. ఫొటో కోసం ఇసుకలో నడిపించుకెళ్లేవాళ్లను రోజూ చూస్తాను. ఇసుక రేణువులు చైన్‌లో చేరితే పళ్లచక్రాన్ని ఆకురాయిలా అరగదీస్తాయి. ఒడ్డునే చెట్టు నీడన నిలబెట్టి, స్టాండు మెత్తటి నేలలో దిగబడకుండా కింద ఒక కొబ్బరిచిప్ప బోర్లా పెడితే బండి పడిపోదు. తాళం ఇస్తే వేసుకోవాలి, ఇవ్వకపోయినా నాకు ఇంతవరకు ఏ ఇబ్బందీ కలగలేదు. సాయంత్రం లక్ష్మణ్‌పూర్ మొదటి బీచ్‌లో సూర్యాస్తమయం చూసి జనమంతా ఒకేసారి వెనక్కి మళ్లుతారు. ఆటోలు, స్కూటర్లు ఇరుకు రోడ్డు మీద బారులు తీరుతాయి. ఆ పావుగంట ఆగి బయలుదేరడమే క్షేమం.

అందరికీ సైకిల్ సరిపోతుందని చెప్పను. ఉదయం పడవలో దిగి మధ్యాహ్నం పడవకు వెళ్లిపోయేవాళ్లకు ఆటోయే సరైనది. అనకాపల్లి నుంచి మా పిన్ని, బాబాయి వచ్చినప్పుడు వాళ్లకు ఆటో మాట్లాడి, నేనూ మా మేనల్లుడూ సైకిళ్ల మీద వెంట వెళ్లాం. పిన్నికి మోకాళ్ల నొప్పి, బాబాయికి ఎండ పడదు. ఎనిమిది, తొమ్మిదేళ్ల పిల్లలకు సరిపడే చిన్న సైకిళ్లు అరుదుగానే దొరుకుతాయి, వాటి బ్రేకులు మరీ అధ్వానం. హెల్మెట్ నాకెవ్వరూ ఇవ్వలేదు, పిల్లలతో వచ్చేవాళ్లు ఇంటి నుంచే తెచ్చుకోవాలి.

నీల్‌లో సైకిల్ బాగుందని హేవ్‌లాక్‌లోనూ అదే చేస్తామనేవాళ్లకు ఒక హెచ్చరిక. హేవ్‌లాక్ విస్తీర్ణం 90 చదరపు కిలోమీటర్లకు పైనే. జెట్టీ నుంచి రాధానగర్ బీచ్ దాదాపు 12 కిలోమీటర్లు, దారి అడవి గుండా ఎగుడు దిగుడుగా సాగుతుంది. గేర్లు లేని అద్దె సైకిల్ మీద ఎక్కేటప్పుడు దిగి నెట్టుకోవాలి, దిగేటప్పుడు అరిగిన బ్రేకు రబ్బర్లను నమ్ముకోవాలి. రెండోదే ఎక్కువ ప్రమాదం. రాధానగర్‌కు బస్సులోనో స్కూటర్ మీదనో వెళ్లండి. సైకిల్ మీద తిరగాలన్న కోరిక ఉంటే, విజయనగర్ నుంచి కాలాపత్తర్ వైపు తూర్పు ఒడ్డు వెంట సాగే రోడ్డు పొద్దున్నే చాలా హాయిగా ఉంటుంది, ఎత్తుపల్లాలు పెద్దగా లేవు.

తిరిగి అప్పగించేటప్పుడు పడవ వేళకు కనీసం గంట ముందే దుకాణానికి చేరండి. పడవ దిగిన కొత్తవాళ్లతో అక్కడ సందడిగా ఉంటుంది, లెక్క చూసే మనిషి దొరకడు. ఇక దుకాణదారులకు నా విన్నపం రెండే మాటలు. రోజంతా అద్దెకిచ్చే బండికి వారానికి ఒకసారి చైన్‌కు నూనె పోయండి, సీటు గొట్టాన్ని నెలకొకసారి పైకి తీసి గ్రీజు రాసి దించండి. ఒక చిన్న సంచిలో గాలి పంపు, పదిహేనో నంబరు పానా, రెండు వాల్ ట్యూబులు పెట్టి బండితోపాటు ఇస్తే, అందుకు రోజుకు ఇంకో 20 రూపాయలు ఇవ్వడానికి నాలాంటివాళ్లు సంతోషంగా సిద్ధంగా ఉన్నారు.