ఆరేళ్ల ప్లాస్టిక్ బకెట్, నలభై రెండు విడతల బీరు: డాలస్ నుంచి ఒక సమీక్ష

నేను కొన్నది చాలా మామూలు కిట్. మూతకు రంధ్రం ఉన్న 25 లీటర్ల ఫుడ్ గ్రేడ్ ప్లాస్టిక్ బకెట్, కింద కుళాయి ఉన్న ఇంకో బకెట్, ఎయిర్‌లాక్ (లోపలి గ్యాస్‌ను బయటికి వదిలి, బయటి గాలిని లోపలికి రానివ్వని చిన్న గొట్టం), హైడ్రోమీటర్ (ద్రవంలో ఇంకా ఎంత తీపి ఉందో అంకెలో చూపేది, మామూలు నీళ్లకు 1.000), సైఫన్ గొట్టం, సీసాలకు మూతలు నొక్కే పరికరం. అన్నీ కలిపి అప్పట్లో 80 డాలర్ల దాకా అయింది. ఈ ఆరేళ్లలో దానితో 42 సార్లు బీరు చేశాను. ఒక్కో విడతకు 19 లీటర్లు, అంటే దాదాపు 50 సీసాలు. స్టీలు పాత్రలు, మోటార్లు ఉన్న ఖరీదైన సెట్లు మిత్రుల ఇళ్లలో చూశాను, వాటితో చేసిన బీరూ తాగాను. అన్నీ చూశాక కూడా, మొదలుపెట్టేవాళ్లకు నేను ఈ బకెట్‌నే కొనమంటాను. మిగిలిన డబ్బు బీరు పులిసేటప్పుడు దాన్ని చల్లగా ఉంచడానికి పెట్టమంటాను. ఎందుకో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ముందు చట్టం సంగతి. అమెరికాలో సొంత వాడకానికి ఇంట్లో బీరు చేసుకోవచ్చని 1978 అక్టోబరులో అధ్యక్షుడు కార్టర్ సంతకం చేశారు, 1979 ఫిబ్రవరి నుంచి అమల్లోకి వచ్చింది. ఇంట్లో పెద్దవాళ్లు ఒక్కరే ఉంటే ఏడాదికి 100 గ్యాలన్లు, ఇద్దరు లేదా అంతకన్నా ఎక్కువమంది ఉంటే 200 గ్యాలన్లు. అమ్మడానికి మాత్రం వీల్లేదు. బట్టీ పెట్టి సారా కాయడం పూర్తిగా వేరు, ఈ అనుమతి దానికి వర్తించదు. ఆంధ్ర, తెలంగాణల్లో ఎక్సైజ్ లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు చేయడం కూడా నేరమే, కాబట్టి అక్కడున్నవాళ్లు దీన్ని చదివి ఊరుకోండి, ప్రయత్నించకండి.

ఇక అసలు విషయం. బీరు చేసేది మనం కాదు, ఈస్ట్. మనం మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) తీపినీళ్లు కాచి, చల్లార్చి దానికి అప్పగిస్తాం, అంతే. దోశ పిండి కలిపినవాళ్లకు ఇది కొత్తగా చెప్పక్కర్లేదు. ఎండాకాలం పిండి రాత్రికి రాత్రే పొంగి గిన్నె దాటుతుంది, చలికాలం ఇక్కడ అవెన్‌లో లైటు వేసి పెడితే గానీ కదలదు. బీరుకు తేడా ఏమిటంటే, వేడి ఎక్కువైతే పులియడం తొందరగా అవుతుంది గానీ రుచి చెడిపోతుంది.

నా మొదటి నాలుగు విడతలూ అలాగే పోయాయి. జూలైలో బయట 40 డిగ్రీలు, ఇంట్లో ఏసీ 25కి పెట్టాం. గది 25 ఉంది కదా చాలనుకున్నాను. కానీ ఈస్ట్ పనిచేసేటప్పుడు తనే వేడి పుట్టిస్తుంది. బకెట్‌కు థర్మామీటరు స్టిక్కర్ అంటించి చూస్తే 29 చూపించింది. ఆ బీరు నెయిల్ పాలిష్ వాసన వచ్చింది, రెండు గ్లాసులకే మర్నాడు తలనొప్పి. నేను వాడేది యూఎస్-05 ఈస్ట్. అది 18, 19 డిగ్రీల దగ్గర ఉంటే చాలా శుభ్రమైన రుచి ఇస్తుంది.

ఖర్చు లేని మందు ఒకటుంది. పెద్ద ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు పోసి బకెట్‌ను అందులో నిలబెట్టండి. బకెట్‌కు పాత టీషర్టు తొడిగి, దాని అంచు నీళ్లలో మునిగేలా వదలండి, ఎదురుగా ఫ్యాను పెట్టండి. మన ఊళ్లలో కుండకు తడిగుడ్డ చుట్టినట్టే. గడ్డకట్టిన లీటరు నీళ్ల సీసాలు రెండు పొద్దున, రెండు సాయంత్రం టబ్బులో వేస్తే 19 దగ్గర నిలుస్తుంది. నేను రెండేళ్లు ఇలాగే నెట్టుకొచ్చాను. తర్వాత పాత ఫ్రిజ్ ఒకటి కొని, దానికి టెంపరేచర్ కంట్రోలర్ తగిలించాను. ఈ ఆరేళ్లలో నా బీరును నిజంగా మార్చింది ఆ ఒక్క కొనుగోలే. మొదటి మూడు నాలుగు రోజులు కదలకుండా 18 దగ్గర ఉంచుతాను. ఆ తర్వాత 21కి వదిలేస్తాను. చివర్లో కాస్త వెచ్చగా ఉంటే, మధ్యలో పుట్టే కాచిన వెన్న లాంటి వాసనను ఈస్ట్ తనే తినేస్తుంది.

ఎండాకాలానికి ఇంకో దారి కూడా ఉంది. నార్వే పల్లెల్లో తరతరాలుగా వాడే క్వైక్ అనే ఈస్ట్ 35 డిగ్రీల్లో హాయిగా పనిచేస్తుంది. వోస్ రకం వాడితే నారింజ తొక్క లాంటి చిన్న వాసన వస్తుంది, నాలుగైదు రోజుల్లో పులియడం అయిపోతుంది. మాకు ఆగస్టులో కుళాయి నీళ్లే 29, 30 డిగ్రీలుంటాయి. కాచిన మాల్ట్ నీళ్లలో రాగి చుట్ట గొట్టం ముంచి, ఆ గొట్టంలో కుళాయి నీళ్లు పారిస్తే మాల్ట్ నీళ్లు 34 దగ్గర ఆగిపోతాయి, ఇంకా దిగవు. యూఎస్-05 అయితే బకెట్‌ను రాత్రంతా ఫ్రిజ్‌లో పెట్టి పొద్దున ఈస్ట్ వేయాలి. క్వైక్ అయితే అప్పుడే వేసేయొచ్చు. టెక్సాస్‌లో ఉన్నవాళ్లకు ఇది నిజంగా వరం.

బకెట్‌లో నచ్చనివి రెండు. మొదటిది గీతలు. స్క్రబ్బరుతో ఒక్కసారి తోమినా లోపల గీతలు పడతాయి, బాక్టీరియా అందులో దాక్కుంటుంది. మెత్తటి గుడ్డ తప్ప ఏదీ వాడకండి. రెండోది కుళాయి. మూడో ఏట వరసగా మూడు విడతలు పుల్లబడ్డాయి. గొట్టం మార్చాను, ఈస్ట్ మార్చాను, లాభం లేదు. చివరికి కుళాయిని విడదీసి చూస్తే తిరిగే భాగం వెనక గోధుమరంగు జిగురు పొర కనిపించింది. పైనుంచి ఎన్ని నీళ్లు పోసినా అక్కడికి చేరవు. అప్పటి నుంచి ప్రతిసారీ కుళాయిని రెండు ముక్కలుగా ఊడదీసి వేడినీళ్లలో నానబెడుతున్నాను. మళ్లీ ఒక్కటి కూడా పుల్లబడలేదు.

కడగడం వేరు, శానిటైజ్ చేయడం వేరు. మురికి ఉన్న చోట ఏ శానిటైజరూ పనిచేయదు. ముందు శుభ్రంగా కడగాలి, తర్వాత స్టార్ శాన్ లాంటిది నీళ్లలో కలిపి తడపాలి. 19 లీటర్ల నీళ్లకు 30 మిల్లీలీటర్లు చాలు. నురగ వస్తుంది, దాన్ని మళ్లీ కడగనక్కర్లేదు. మొదట్లో ఆ నురగ చూసి నాకు టెన్షన్ వచ్చేది, బీరు పాడవుతుందేమోనని. ఏమీ కాదు. మాల్ట్ నీళ్లు కాగి చల్లారాక దాన్ని తాకే ప్రతి వస్తువూ ఇలా తడవాలి, అందులో మినహాయింపు లేదు.

నీళ్ల గురించి ఒక్క మాట. మా కుళాయి నీళ్లలో క్లోరమైన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన క్రిమినాశిని) ఉంటుంది. క్లోరిన్ అయితే రాత్రంతా మూత తీసి ఉంచితే పోతుంది, క్లోరమైన్ పోదు. దానితో చేసిన బీరు బ్యాండేజీ పట్టీ వాసన కొడుతుంది. క్యాంప్‌డెన్ మాత్రలో (ఇది సల్ఫైట్ మాత్ర) పావు ముక్క నలిపి 19 లీటర్లలో కలిపితే నిమిషాల్లో సమస్య తీరుతుంది.

నేను ఎక్కువగా చేసే పేల్ ఏల్ అనే లేత రంగు బీరు ఇలా చేస్తాను. అర కిలోకు కాస్త తక్కువ క్రిస్టల్ మాల్ట్‌ను గుడ్డ సంచిలో కట్టి 12 లీటర్ల నీళ్లలో 68 డిగ్రీల దగ్గర అరగంట నానబెట్టి తీసేస్తాను. పొయ్యి ఆపి 2.7 కిలోల మాల్ట్ ఎక్స్‌ట్రాక్ట్ పొడి కలుపుతాను. ఆపకపోతే అడుగంటుతుంది. మళ్లీ వెలిగించాక పాలు పొంగినట్టు పొంగుతుంది, ఆ పది నిమిషాలూ పొయ్యి దగ్గర నుంచి కదలకూడదు. మూత పెట్టకుండా గంట మరగాలి. కాస్కేడ్ రకం హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే పూలు) 28 గ్రాములు మొదట్లో వేస్తే చేదు, 28 గ్రాములు చివరి పది నిమిషాల్లో వేస్తే రుచి, ఇంకో 28 గ్రాములు దింపేటప్పుడు వేస్తే వాసన. చల్లార్చి, మిగతా నీళ్లు పోసి 19 లీటర్లు చేసి, గరిటెతో బాగా చిలికి ఈస్ట్ చల్లుతాను. హైడ్రోమీటరు మొదట 1.055 దగ్గర, చివర 1.013 దగ్గర చూపిస్తుంది. ఆల్కహాల్ ఐదున్నర శాతం.

అయిపోయిందో లేదో ఎయిర్‌లాక్ బుడగలు చూసి నిర్ణయించకండి. బకెట్ మూత సందుల్లోంచి గాలి పోతుంటుంది, బుడగలు ఆగినా లోపల పని నడుస్తూ ఉండొచ్చు. మూడు రోజుల తేడాతో రెండుసార్లు కొలిచి, ఒకే అంకె వస్తేనే సీసాల్లో పోయాలి. ఏడో విడతలో నేను తొందరపడి 1.020 దగ్గరే పోసేశాను. మిగిలిన తీపి సీసాల్లోనే పులిసి గ్యాస్ పెరిగింది, పదకొండో రోజు రాత్రి అల్మారాలో మూడు సీసాలు పేలాయి. గాజు ముక్కలు తలుపుకు గుచ్చుకున్నాయి. పగలు పిల్లలు ఆ గదిలోనే ఆడుకుంటారు. ఇప్పటికీ తలుచుకుంటే గుండె గుభేలుమంటుంది. అప్పటి నుంచి సీసాలన్నీ మూతున్న గట్టి ప్లాస్టిక్ డబ్బాల్లోనే పెడుతున్నాను. సీసాల్లో నురగకు కావాల్సిన గ్యాస్ కోసం 19 లీటర్లకు 120 గ్రాముల కార్న్ షుగర్, తూకం వేసి మరీ వేస్తాను, చెంచాల లెక్క కాదు. సీసాలు గోధుమరంగువే వాడండి. ఆకుపచ్చ సీసాకు ఎండ తగిలితే గంటల్లో పాడు వాసన వస్తుంది.

పోయినేడు అమ్మ మా దగ్గరికి వచ్చినప్పుడు ఒక విడత పులుస్తోంది. ఆవిడ తాగదు గానీ మూడోరోజు ఎయిర్‌లాక్ దగ్గర వాసన చూసి, "బార్లీ గంజి బాగానే పులుస్తోందిరా" అంది. తొమ్మిదో రోజు మళ్లీ చూసి, "తీపి పోయింది, ఇక ఆగిందిలే" అంది. హైడ్రోమీటరు పెడితే 1.013. రాగి అంబలి పులియబెట్టి పెరిగిన ముక్కు అది. నేనైతే ఇప్పటికీ అంకె చూశాకే నమ్ముతాను.

ఈ ఆరేళ్లలో పులియబెట్టే బకెట్‌ను రెండుసార్లు మార్చాను, ఒక్కోటి 20 డాలర్ల లోపే. పదిహేను, పదహారు విడతలకు గీతలు కంటికి కనిపించడం మొదలవుతుంది, వాసన కూడా పట్టేస్తుంది. కొత్తది తేగానే అడుగున తేదీ రాసి, ఒక్కో విడతకు ఒక్కో గీత పెడుతున్నాను. ఇప్పుడున్న దానికి పన్నెండు గీతలున్నాయి.