కినబటంగాన్ నది: జంతువులు అంత తేలిగ్గా కనబడటానికి కారణం వేరే ఉంది

బోర్నియో దీవిలో మలేషియాకి చెందిన సబా రాష్ట్రానికి వెళ్లేవాళ్లకి ముందే చెప్తున్నా, సండకాన్ పట్నం నుంచి కినబటంగాన్ నది ఒడ్డునున్న సుకావ్ ఊరి దాకా రెండు గంటలకు పైగా పట్టే కారు ప్రయాణంలో అడవి కోసం ఎదురుచూడకండి. రోడ్డుకి రెండు పక్కలా పామాయిల్ తోటలే, గెలల లారీల వెనకే మన కారు. ఏలూరు చుట్టుపక్కల మనకీ ఉన్నాయి ఈ తోటలు, కాకపోతే మన దగ్గర ఎక్కువగా పాత పొలాల్లో వేశారు, అక్కడ అడవి కొట్టి వేశారు. మేం ఇండియా అనగానే డ్రైవర్ నవ్వి, ఈ నూనె మీ దగ్గరికే కదా వచ్చేది అన్నాడు. నిజమే, పామాయిల్ దిగుమతిలో మనమే ఫస్ట్.

పడవ ఎక్కాక మాత్రం కళ్లు తిప్పుకోలేం. ఒక్క సాయంత్రంలోనే పెద్ద ముక్కు ప్రొబోసిస్ కోతులు, హార్న్‌బిల్ పక్షులు, మొసలి, దూరంగా చెట్టు మీద ఒరంగుటాన్. అదృష్టం అనుకున్నాం గానీ, అసలు సంగతేంటంటే వాటికి వెళ్లడానికి వేరే చోటు లేదు. 2005లో అభయారణ్యంగా ప్రకటించిన సుమారు 26 వేల హెక్టార్లు కూడా నది వెంబడి ముక్కలు ముక్కలుగానే ఉంది. ఏనుగులు ఒక ముక్క నుంచి ఇంకో ముక్కకి పోవాలంటే తోటల్లోంచే దారి, ఒరంగుటాన్‌లకి ఈత రాదు కాబట్టి వాగుల మీద తాళ్ల వంతెనలు కట్టారు. ఖడ్గమృగాలైతే అయిపోయాయి, మలేషియాలో చివరిది 2019లో ఇక్కడే సబాలో చనిపోయింది.

మొదట దిగిన లాడ్జ్‌లో ఏసీ, బఫే బాగున్నాయి, కానీ రాత్రి పడవలో నిద్రపోతున్న పక్షుల కళ్లలోకి టార్చ్ కొట్టి ఫోటోలు తీసుకోమన్నారు, చిరాకేసింది. తర్వాత ఊళ్లో ఒరాంగ్ సుంగై (ఈ నది ఒడ్డున ఉండే స్థానిక జనం) కుటుంబం ఇంట్లో ఉన్నాం. ఫ్యానే, అన్నం చేపల కూరే (శాకాహారులు ముందే చెప్పుకోవాలి), ఖర్చూ తక్కువే. ఆ ఇంటాయన జంతువు కనబడగానే చాలా దూరంలోనే ఇంజిన్ ఆపేసేవాడు. నా ఓటు దీనికే.

సండకాన్ దగ్గరే ఉన్న సెపిలోక్‌లో 1964 నుంచి అనాథ ఒరంగుటాన్‌లను పెంచి మళ్లీ అడవికి అలవాటు చేస్తున్నారు. ఆహారం పెట్టే టైముకి జనం తోసుకుంటారు గానీ పిల్లలుంటే వెళ్లండి, పక్కనే సన్ బేర్ ఎలుగుల కేంద్రం ఇంకా ప్రశాంతంగా ఉంటుంది. గొడ్డలి పడని అసలైన అడవి చూడాలంటే సబాలోనే ఉన్న డానుమ్ వ్యాలీ. రేటు ఎక్కువ, జలగలు ఎక్కువ, జంతువులు సుకావ్‌లో కనబడినంత కనబడవు, దాక్కోవడానికి వాటికక్కడ చోటుంది మరి. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా వానలు, వరదలు, ఆ నెలలు వదిలేయండి. కౌలాలంపూర్ నుంచి వెళ్లినా సండకాన్‌లో పాస్‌పోర్టు మళ్లీ చూపించాలి, బ్యాగు అడుగున పెట్టుకోకండి.