చింతాకు ముడుచుకునే వేళ: ‘పాల్ అండ్ వర్జీనియా’ చదివాక

ముందే చెప్పేస్తున్నాను, ఇది చదవాల్సిన పుస్తకమే, కానీ అందరూ చెప్పే కారణానికి కాదు. 1788లో ఫ్రెంచిలో వచ్చిన ఈ చిన్న నవలని రెండు శతాబ్దాలకు పైగా జనం వర్జీనియా కోసం ఏడుస్తూ చదివారు. నేనూ ఏడ్చాను, అందులో దాపరికం లేదు. కానీ పుస్తకం మూసి వారం దాటినా నా కళ్ల ముందు మెదులుతున్నది వర్జీనియా కాదు, మధ్యలో కొన్ని పేజీల్లో కనబడి మాయమైపోయే ఒక బానిస స్త్రీ. ఆమెకి పేరు కూడా పెట్టలేదు.

రాసినాయన బెర్నార్డిన్ ద సాన్ పియేర్. కథ జరిగేది ఇప్పటి మారిషస్‌లో, అప్పట్లో ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్న ఆ దీవిని ఇల్ ద ఫ్రాన్స్ అనేవాళ్లు. కుర్చీలో కూర్చుని ఊహించి రాసింది కాదు ఇది. ఆయన 1768 నుంచి 1770 దాకా అక్కడ ఇంజినీరుగా పనిచేశాడు, దీవి చుట్టూ కాలినడకన తిరిగాడు. పోర్ట్ లూయీ వెనక కొండ, పాంప్లెమూస్ చర్చికి వెళ్లే వెదురు పొదల దారి, సముద్రం మీంచి గాలి తిరిగే తీరు, ఇవన్నీ నడిచినవాడు చెప్పినట్టే ఉంటాయి.

కథ ఇదీ. మదామ్ ద లా తూర్ గొప్పింటి బిడ్డ, ఇంట్లోవాళ్లకి ఇష్టం లేని పెళ్లి చేసుకుని 1726లో భర్తతో దీవికి వస్తుంది, ఆయన బానిసల్ని కొనడానికి మడగాస్కర్ వెళ్లి అక్కడి జ్వరాలతో పోతాడు. అప్పటికి ఆమె గర్భవతి. మార్గెరీత్‌ది రైతు కుటుంబం, పెళ్లి చేసుకుంటానని నమ్మించిన పెద్దమనిషి వదిలేస్తే ఊళ్లో తలెత్తుకోలేక సముద్రం దాటి వచ్చేసింది. ఇద్దరూ ఒకే లోయలో పక్కపక్కన గుడిసెలు వేసుకుంటారు. మార్గెరీత్ కొడుకు పాల్, లా తూర్ గారి కూతురు వర్జీనియా ఒకే ఉయ్యాల్లో పెరుగుతారు, అది ప్రేమ అని తెలియకుండానే ప్రేమలో పడతారు. ఇంతలో ఫ్రాన్స్‌లో ఉన్న డబ్బున్న ముసలి బంధువు దగ్గర్నుంచి పిలుపు వస్తుంది, వర్జీనియాని పంపేస్తారు, తిరిగి వచ్చేటప్పుడు ఒడ్డున నిలబడినవాళ్లకి కనబడేంత దూరంలో ఆ ఓడ మునిగిపోతుంది. ముగింపు చెప్పేశానని కోప్పడకండి. అసలు నవల మొదలయ్యేదే కూలిపోయిన రెండు గుడిసెల దగ్గర, ఇక్కడ ఎవరుండేవాళ్లని ఒక ముసలాయన్ని అడగడంతో. ఏదో చెడు జరిగిందని మొదటి పేజీకే అర్థమైపోతుంది.

పిల్లలిద్దరి చిన్నతనం రాసిన భాగం నాకు చాలా నచ్చింది. వాళ్లకి గడియారం లేదు, పంచాంగం లేదు. అరటిచెట్ల నీడ వాటి మొదట్లోకి వచ్చిందంటే భోజనం వేళ, చింతచెట్లు ఆకులు ముడుచుకుంటున్నాయంటే చీకటి పడుతోందని. చింతాకు ముడుచుకోవడం చూస్తూ పెరిగినవాళ్లకి ఈ వాక్యం దగ్గర ఒక్క క్షణం ఊపిరి ఆగుతుంది, ఫ్రెంచివాడు రాసిన నవల అన్న సంగతే మర్చిపోతాం. పిల్లల వయసు చెప్పేవి రెండు కొబ్బరిచెట్లు, ఒకటి పాల్ పుట్టినప్పుడు నాటింది, ఇంకోటి వర్జీనియా పుట్టినప్పుడు. ఇంకో చోట వాన పడుతుంటే వర్జీనియా తన లంగాని వెనక నుంచి ఎత్తి తల మీద కప్పుకుని పరిగెత్తుకొస్తుంది, దగ్గరికి వచ్చాక చూస్తే ఆ గుడ్డ కింద పాల్ కూడా ఉంటాడు, ఇద్దరూ ఒకటే నవ్వు. ఈ వాన దృశ్యాన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

ఇంకో చిన్న సంగతి. వర్జీనియా ప్రయాణానికి డబ్బు పంపారని తెలిసి వర్తకులు గుడిసె దగ్గరికి బట్టల మూటలతో దిగిపోతారు, అందులో కడలూరు బట్టలు, ఢాకా మస్లిన్లు, సూరత్ తెల్లబట్టలతో పాటు పులికాట్, మచిలీపట్నం రుమాళ్లు కూడా ఉంటాయి. మచిలీపట్నం పేరు అక్కడ కనబడగానే ఆ పేరాని మూడుసార్లు చదివాను. డబ్బు సంచి తెచ్చి ఇచ్చేది గవర్నర్ లా బుర్దొనే, 1746లో మద్రాసుని ఇంగ్లీషువాళ్ల దగ్గర్నుంచి పట్టుకున్నది ఆయనే. ప్రపంచానికి దూరంగా ఉన్న లోయ అని రచయిత ఎంత చెప్పినా ఆ లోయలో కట్టుకునేది బెంగాల్ నీలం ముతకబట్ట, అదీ బానిసలు కట్టుకునే రకం.

ఇక అసలు విషయం. ఒక ఆదివారం పొద్దున తల్లులిద్దరూ చర్చికి వెళ్లినప్పుడు, పారిపోయిన బానిస స్త్రీ ఒకామె వచ్చి వర్జీనియా కాళ్ల మీద పడుతుంది. బక్కచిక్కిపోయి ఉంటుంది, నడుముకి గుడ్డపేలిక తప్ప ఏమీ లేదు, ఒంటి నిండా కొరడా వాతలు. తను వండుకున్నదంతా వర్జీనియా ఆమెకి పెట్టేస్తుంది, ఆమె ఆబగా తినేస్తుంది. అప్పుడు ఈ పిల్లకి ఒక ఆలోచన వస్తుంది, నీ యజమాని దగ్గరికి నేను తీసుకెళ్తాను, నిన్ను చూస్తే ఆయనకి జాలి కలగకుండా ఉంటుందా అని. పాల్‌ని కూడా వెంటబెట్టుకుని, అడవి దారిన, కొండలెక్కి, ఏళ్లు దాటి ఆ యజమాని ఉండే బ్లాక్ రివర్ అనే చోటి దాకా నడుస్తారు. నోట్లో పైపు, చేతిలో బెత్తంతో ఉన్న ఆ యజమాని మొదట ఈ పేదబట్టల పిల్లల్ని లెక్కచేయడు. తర్వాత వర్జీనియా అందం చూస్తాడు, వణికే గొంతు వింటాడు, పైపు తీసి బెత్తం పైకెత్తి ఒట్టు పెట్టుకుని మరీ క్షమిస్తున్నానంటాడు, దేవుడి కోసం కాదు, నీ కోసం అని. ఆ మాటకి వర్జీనియా భయపడి, ఆమెని ముందుకు రమ్మని సైగ చేసి పారిపోతుంది.

ఇక్కడితో ఆపేసి ఉంటే ఇది మంచి పిల్ల కథ అయ్యేది. కానీ తర్వాత పిల్లలు అడవిలో దారి తప్పడం, ఆకలికి చెట్టు మొవ్వు తినడం, చీకటి పడటం అన్నీ అయ్యాక, కుక్కతో వెతుక్కుంటూ వచ్చిన ఇంటి బానిస డొమింగో చెబుతాడు: ఆ యజమాని క్షమించిందేం లేదు, నేను వెళ్లేసరికి ఆమె కాలికి గొలుసుతో మొద్దు కట్టేసి ఉంది, మెడకి మూడు కొక్కేల ఇనప పట్టీ ఉంది అని. మంచి చేయడం ఎంత కష్టమో అనుకుంటుంది వర్జీనియా. ఆ రాత్రి పిల్లల్ని కొమ్మలతో అల్లిన డోలీలో భుజాల మీద ఇంటికి మోసుకొచ్చేది కూడా పారిపోయిన బానిసలే, ఆమెకి మీరు చేసినదానికి ఇది అని చెప్పి మరీ. ఆ తర్వాత ఆమె ఏమైందో నవల ఒక్కసారి కూడా అడగదు. నేను మాత్రం చివరి పేజీ దాకా ఆమె మళ్లీ వస్తుందేమోనని ఎదురుచూశాను.

నా ఫిర్యాదు ఇదే, దీన్ని చిన్న లోపంగా తీసుకోలేను. ఈ స్వర్గంలాంటి లోయని నిలబెడుతున్నది ఎవరు? డొమింగో, మేరీ. డొమింగో సెనెగల్ వైపు వొలోఫ్ జాతి మనిషి, మేరీ మడగాస్కర్ నుంచి వచ్చింది, ఇద్దరూ ఈ తల్లుల బానిసలే. ఏ నేలలో ఏ గింజ వేయాలో తెలిసింది డొమింగోకి, జొన్న, మొక్కజొన్న, వరి, గుమ్మడి, కాఫీ అన్నీ అతని చేతుల మీదే పండుతాయి, మేరీ బుట్టలు అల్లుతుంది, మిగిలిన సరుకు పోర్ట్ లూయీ బజారులో అమ్ముకొస్తుంది. వాళ్లిద్దరూ పెళ్లి చేసుకుంటారు, పాడతారు, ఆడతారు, ఎప్పుడూ సంతోషంగానే ఉంటారు. ఒక్కసారైనా వాళ్లు తమ ఊరిని తలుచుకుని ఏడవరు. విచిత్రం ఏంటంటే ఈ రచయితకి తెలియక కాదు. 1773లో అచ్చేసిన తన దీవి ప్రయాణ పుస్తకంలో ఆయన బానిసల బతుకు గురించి చాలా ఘాటుగా రాశాడు, యూరప్ సుఖానికి కాఫీ, చక్కెర అవసరమో కాదో గానీ అవి రెండు ఖండాల్ని నాశనం చేశాయని తేల్చి చెప్పాడు. అంత చూసిన మనిషి నవల రాసేటప్పుడు క్రూరత్వం అంతా బ్లాక్ రివర్ యజమాని ఒక్కడి మీద పెట్టేసి, తన మంచి కుటుంబాన్ని శుభ్రంగా దాటించేశాడు. ప్రేమకథ అందంగా ఉండాలంటే పొలంలో పనిచేసేవాళ్లు నవ్వుతూనే ఉండాలి మరి, ఇది ఈ ఒక్క పుస్తకం జబ్బు కాదు, వలస దీవుల్లో జరిగే ప్రేమకథలు చాలావాటిలో ఇదే తంతు.

వర్జీనియా వెళ్లిపోయాక పాల్ ఒంటరితనం బాగా రాశాడు. ఆమెకి ఉత్తరం రాయాలనే ఒక్క కారణానికి పాల్ చదవడం రాయడం నేర్చుకుంటాడు. ఏడాదిన్నర దాటాక ఆమె దగ్గర్నుంచి వచ్చిన ఉత్తరంతో పాటు తన వెంట్రుకలతో కుట్టిన చిన్న సంచీ, అందులో అక్కడి పూల విత్తనాలు. అతను వాటిని ఎంతో జాగ్రత్తగా నాటతాడు, ఏవో కొన్ని మొలకలు వస్తాయి గానీ సరిగ్గా ఎదగవు, ఆ నేలకి పడవు. దీని మీద రచయిత వ్యాఖ్యానం ఏమీ చేయకపోవడం వల్లే అంత బాగుంది. కానీ ఆ వెంటనే ఈ కథంతా చెప్పే ముసలాయనకీ పాల్‌కీ మధ్య సంభాషణ మొదలవుతుంది చూడండి, సమాజం, పదవులు, పుస్తకాలు, పేదవాడికి ఫ్రాన్స్‌లో విలువ ఉంటుందా లేదా అని, పేజీలకి పేజీలు. రెండోసారి చదివినప్పుడు కూడా నాకు అది ఉపన్యాసంగానే అనిపించింది.

ఓడ మునక మాత్రం ఇప్పటికీ ఒళ్లు జలదరించేలా ఉంది. వర్జీనియా తిరిగొచ్చే ఆ ఓడ, సాన్ జెరాన్, నిజం ఓడ. 1744 ఆగస్టు 17న దీవి ఈశాన్యాన, అంబర్ దీవి దగ్గర పగడపు దిబ్బలకి తగిలి మునిగింది, బతికి బయటపడింది తొమ్మిది మంది. రచయిత దాన్ని డిసెంబరు చివరికి, తుపాన్ల కాలానికి జరిపాడు. పాల్ నడుముకి తాడు కట్టుకుని అలల్లోకి దూకడం, అలలు తెచ్చి ఒడ్డున పారేయడం, మళ్లీ దూకడం. ఓడ మీద మిగిలిన ఒక నావికుడు వర్జీనియా ముందు మోకరిల్లి, బట్టలు తీసేయి, ఈదుకుంటూ తీసుకెళ్తానని బతిమాలతాడు. ఆమె ఒప్పుకోదు. ఒక చెయ్యి బట్టల మీద, ఒక చెయ్యి గుండె మీద పెట్టుకుని నిలబడిపోతుంది, అల వచ్చేస్తుంది.

దీన్ని రచయిత శీలం అంటాడు, నేను ఒప్పుకోను. నాకు వెంటనే ఆ వాన దృశ్యం గుర్తొచ్చింది, ఒకే లంగా కింద నవ్వుతూ పరిగెత్తిన పిల్ల ప్రాణం పోతున్నా గుడ్డ తీయలేనంతగా మారిపోయిందంటే, ఫ్రాన్స్‌లో ఉన్న ఆ రెండు మూడేళ్లు ఆమెకి నేర్పింది అదే కదా. రచయిత ఇది ఉద్దేశించాడో లేదో గానీ పుస్తకం మాత్రం చెబుతోంది. ఇంకో సంగతి, నిజం ఓడలో ఇలా బట్టలు తీయనన్నది ఏ అమ్మాయో కాదు, కెప్టెనే. తన హోదాకి తగదని ఆయన అన్నట్టు బతికినవాళ్లు వాంగ్మూలం ఇచ్చారు. ఆ మాటని తీసుకొచ్చి ఒక ఆడపిల్ల నోట్లో పెట్టి, దాన్ని ఆదర్శం చేశాడు. నిజం ఓడలో ఆఫ్రికా తీరంలోని గోరే దీవి దగ్గర ఎక్కించిన బానిసలు కూడా ఉన్నారు, నవల కళ్లు అటు తిరగలేదు.

వర్జీనియా అంత్యక్రియల దగ్గర ఒక్క వాక్యం ఉంది. బెంగాల్ నుంచి, మలబారు తీరం నుంచి వచ్చిన ఆడవాళ్లు పంజరాల్లో పక్షుల్ని తెచ్చి, ఆమె శవం మీద వదిలిపెడతారు. వాళ్లు ఆ దీవికి ఎలా వచ్చారో, ఎవరు తెచ్చారో చెప్పడు. తర్వాత పాల్ పోతాడు, తల్లులిద్దరూ పోతారు, కుక్క కూడా పోతుంది, ఒక్కొక్కరికీ ఒక పేరా. డొమింగో, మేరీలని గవర్నర్ తీసుకెళ్లాడని, వాళ్లూ ఎక్కువకాలం బతకలేదని ఒక్క ముక్కలో తేల్చేస్తాడు.

కాపీరైట్ ఎప్పుడో తీరిపోయింది కాబట్టి ఇంగ్లీషులో పాత అనువాదాలు సులువుగా దొరుకుతాయి. హెలెన్ మరియా విలియమ్స్ 1795 అనువాదం దొరికితే అందులో ముసలాయన ఉపన్యాసాలు కొంత తగ్గుతాయి, ఎందుకంటే ఆమె కొన్ని పేజీలు కావాలనే వదిలేసింది, బదులుగా తను రాసిన సానెట్లు, అంటే పద్నాలుగు పాదాల పద్యాలు, కొన్ని చేర్చింది. మొత్తం కావాలనుకుంటే కొత్త అనువాదం తీసుకోండి, ఒకటి రెండు రోజుల్లో అయిపోతుంది. వేగంగా సాగే ప్రేమకథ కోసం చూస్తుంటే మాత్రం వద్దు, ఇందులో వర్ణన ఎక్కువ, కన్నీళ్లు ఇంకా ఎక్కువ. అంత ఓపిక లేనివాళ్లు కనీసం బ్లాక్ రివర్ ప్రయాణం ఒక్కటి చదవండి, పొద్దున ఆమె వర్జీనియా కాళ్ల మీద పడిన దగ్గర్నుంచి రాత్రి డోలీ ఇంటికి చేరేదాకా.